వీరవేణి పట్టుకున్న ట్యూబు

నేను ఒక లారీ ట్యూబును. పుట్టుకతోనే పిరికిదాన్ని. ఫ్యాక్టరీలో సలసలా కాలే అచ్చులోంచి బయటికి లాగి, గాలి కొట్టి, ఎక్కడైనా కారుతున్నానేమోనని నీళ్ళతొట్టిలో ముంచారు. అప్పుడు మొదలైన దడ ఇంతవరకూ తగ్గలేదు.

కొన్నాళ్ళు ఇసుక లారీ చక్రంలో తిరిగాను. టైరు కడుపులో అంతా చీకటి, బయట ఏముందో తెలియదు. ప్రతి గతుకూ ఆఖరిదే అనిపించేది. చివరికి ఓ మేకు గుచ్చుకుంది. డ్రైవరు నన్ను తిట్టిపోశాడు గానీ మేకును ఒక్క మాట అనలేదు. రాజమండ్రిలో పంక్చర్లు వేసే ఖాసిం నాకు అతుకు వేసి, "లారీకి పనికిరాదు గానీ ఈతకి పనికొస్తాదండి" అంటూ గోదావరి రేవులో ఈత నేర్పే అప్పలస్వామి మాస్టారికి ఊరికే ఇచ్చేశాడు. ఇసుక మోయలేనిదాన్ని పిల్లల ప్రాణాలు మోయడానికి పంపించారన్నమాట. మనుషుల ధైర్యం మెచ్చుకోదగ్గదే.

ఎండాకాలం చివరికొచ్చేసరికి ఆ గట్టు మీద అన్నీ ఉచితమే. పొద్దున్నే యోగా, పక్కన మజ్జిగ పందిరి, సాయంత్రం పిల్లలకు బొమ్మల పోటీ, ఆ తర్వాత బుర్రకథ. పేట సంఘం వాళ్ళది ఉచిత ఈత శిబిరం. ఉచితమంటే జనం ఆగుతారా? నీళ్ళంటే కెవ్వుమనే పిల్లల్ని కూడా రెక్క పట్టుకుని తెచ్చి దింపేవారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇక నేనెంత? గట్టున పడేసి మరిచిపోతే లోపలి గాలి ఉబ్బేది, అతుకు బంక మెత్తబడేది. ఏ క్షణాన పేలిపోతానోనని బిక్కుబిక్కుమంటూ పడి ఉండేదాన్ని.

నన్ను పట్టుకుని ఈదే పిల్ల వీరవేణి. వాళ్ళమ్మ నూకరత్నం రేవు దగ్గర బండి మీద కొబ్బరిబొండాలు అమ్ముతుంది. బతుకంతా గోదారి పక్కనే అయినా చీలమండ దాటి నీళ్ళలో దిగి ఎరగదు. ఆవిడ తమ్ముణ్ణి చిన్నప్పుడే ఆ ఏరు మింగేసింది. కూతురికైనా ఈత రావాలని పంపింది, పంపి వణికిపోయింది. రోజూ ఒకటే మాట: "ఒసే వేణీ, ఏవైనా సరే ఆ ట్యూబు మాత్రం ఒదలకే. నా మీద ఒట్టు." పిల్ల తల్లి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసేది.

నిజానికి వీరవేణికి ఈత ఎప్పుడో వచ్చేసింది. అది కాళ్ళాడించే తీరులోనే నాకు తెలిసిపోయింది. మాస్టారు ఎంత చెప్పినా నన్ను వదిలేది కాదు. ఒట్టు తప్పితే అమ్మకేమవుతుందోనని దాని భయం. నేను మోయలేకపోతే దానికేమవుతుందోనని నా భయం.

ఆఖరి రోజు రేవంతా జనం. పిల్లలు లంగరేసిన నాటుపడవ దాకా ఈది, దాన్ని చుట్టి రావాలి. సంఘం అధ్యక్షుడు గోవర్ధనరావుగారు, "ఇంతమంది కళ్ళు పడతాయండీ, దిష్టి తగులుద్ది" అని, ఇనుపతీగకు గుచ్చిన నిమ్మకాయా మిరపకాయలూ తెప్పించి స్వయంగా నా ఒంటికి కట్టారు. లారీల ముందు కట్టే దండే అది. లారీకి ఇనుప బంపరు ఉంటుంది, నాకున్నది రబ్బరు తోలు. తీగ మొన అతుకు పక్కనే ఆనింది. బాబూ, ఎవరైనా చూడండి అని అరవడానికి నాకు నోరేదీ?

పడవ చుట్టి వస్తుండగా వీరవేణి నా మీద వాలి గట్టిగా అదిమింది. మొన దిగిపోయింది. బుడబుడమని గాలి పోతోంది. మిగతా పిల్లలు అప్పటికే గట్టెక్కేశారు. సరిగ్గా అప్పుడే మాస్టారిని వేదిక ఎక్కించి శాలువా కప్పుతున్నారు. ఆయన నీళ్ళవైపు తిరగబోతే, ఫోటో కోసమని భుజం పట్టి కెమెరా వైపు తిప్పారు. మైకు హోరులో పక్కవాడి మాటే పక్కవాడికి వినపడటం లేదు.

నేను మెత్తబడ్డాను. చంకల కింద ముడుచుకుపోయి దాని చేతులకు చుట్టుకున్నాను. వదులు తల్లీ, వదులు అని లోలోపల ఏడ్చాను. అది ఇంకా గట్టిగా పట్టుకుంది. మునిగింది. తేలి నీళ్ళు కక్కుతూ "అమ్మా" అంది. మళ్ళీ మునిగింది. అంత భయం నేను ఏ రోడ్డు మీదా పడలేదు. ఆ పిల్లను చంపబోతున్నది నేనే.

అప్పుడు మైకును మించిన అరుపు వినపడింది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టానే! ఒదిలెయ్! ట్యూబు ఒదిలెయ్యే, నా తల్లే!"

వీరవేణి చేతులు విడిపించుకుని నా కిందనుంచి జారింది. నాలుగు బారలు వేసి తల ఎత్తింది. నూకరత్నం గట్టు మీద లేదు. మెడలోతు నీళ్ళలో ఉంది. కాళ్ళు తేలిపోతున్నాయి, ఆ సంగతి ఆవిడకే తెలియదు. పిల్ల తిన్నగా అటే ఈది తల్లి జబ్బ పట్టుకుంది. "అమ్మా, బయపడకు. కాలు కిందకి ఆనించు. మెట్టు తగుల్తాది" అంది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని మెట్లెక్కడం చూస్తూ నేను దిగువకు కొట్టుకుపోయాను.

ఎవరో జాలరి వలకు తగిలి మళ్ళీ ఖాసిం కొట్లో తేలాను. పనికిరాని ట్యూబుల కుప్పలో ఉన్నాను. రేపో మాపో కత్తెర పెట్టి పట్టీలుగా కోస్తాడు. కత్తెర చప్పుడైతే చాలు, ఉలిక్కిపడుతున్నాను.

నిన్న నూకరత్నం బండికి గాలి కొట్టించడానికి వచ్చింది. కుప్పలో నన్ను చూసి దగ్గరకొచ్చింది. తిడుతుందనుకుని ముడుచుకుపోయాను. దిష్టి దండ తీగ పొడిచిన చిల్లును వేలితో తడిమి చూసింది. ఆవిడ జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏటక్కా, ఇలా తడిసిపోయావు?" అన్నాడు ఖాసిం.

"మా వేణి ఈత నేర్పుతుందిరా," అంది నూకరత్నం. "ట్యూబు మాత్రం ముట్టుకోనివ్వట్లేదు."