పక్కన నడిచే మాస్టారు

మామగారు స్కూటరు చుట్టూ తిరిగి వచ్చి, ముందు చక్రం దగ్గర వంగి టైరును బొటనవేలితో నొక్కి చూశారు. తర్వాత సీటు మీద అరచేత్తో మెల్లగా తట్టారు. బండిని తట్టినట్టు కాదు, ప్రాణమున్నదాని వీపు నిమిరినట్టు.

"ఎక్కమ్మా. ఇవాళ బుద్ధిగానే ఉంది."

కోడలికి నవ్వు రాలేదు. తెల్లారితే సోమవారం. నదికి అవతలున్న ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగంలో చేరాలి. అంత పొద్దున్నే అటు పోయే బస్సు లేదు. భర్తది ఫ్యాక్టరీలో షిఫ్టుల పని, దించి రావడానికి కుదరదు. పోయిన నెల బండి నేర్పుతానని అతనే బయల్దేరి, వెనక కూర్చుని "బ్రేకు, బ్రేకు!" అని గావుకేకలు పెట్టాడు. ఆమె కంగారులో బ్రేకు వదిలేసి యాక్సిలరేటరు తిప్పింది. ఇద్దరూ వెళ్ళి ముళ్ళకంచెలో పడ్డారు. మోచెయ్యి చెక్కుకుపోయినందుకు ఆమె బాధపడలేదు గానీ, ఇంటికొచ్చాక అతను "నీ వల్ల కాదులే" అన్నందుకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగమే వద్దని అనేసింది.

అప్పుడు మామగారు చదువుతున్న పేపరు మడిచి, "ఆదివారం బడి ఖాళీగా ఉంటుంది. మనిద్దరం పోదాం" అన్నారు.

ఆయనకు స్కూటరు నడపడం రాదు.

"రానివాళ్ళు ఎలా నేర్పుతారు మామయ్యా?"

"కంచరగాడిదల్ని నడిపాను కదమ్మా. ఇది వాటికంటే మొండిదా ఏమిటి?"

ఊళ్ళో ఆయనను మిలటరీ మాస్టారంటారు. ఆ పేరు విని మీసాలూ, తుపాకీ ఊహించుకుని వచ్చినవాళ్ళు ఆయనను చూసి ఉసూరుమంటారు. సన్నటి మనిషి. గొంతు పైకి లేవదు. పటాలంలో ఆయన పని, కంచరగాడిదల మీద సామాను కట్టి కొండ మీది శిబిరాలకు చేర్చడం. మంచు కొరికేసి కుడిచేతి రెండు వేళ్ళకు కొనలు లేవు. తిరిగొచ్చి ఒకటో తరగతి పంతులుగా చేరారు; పై తరగతులు ఇస్తామన్నా వద్దని రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయారు. మిగిలిన వేళ్ళ సందున సుద్దముక్క ఇరికించి అక్షరాలు రాస్తుంటే, అదే పద్ధతనుకుని పిల్లలూ అలాగే పట్టుకునేవారు. ఆమె భర్త ఇప్పటికీ పెన్ను అలాగే పట్టుకుంటాడు. పెళ్ళైన కొత్తలో అతని వేళ్ళకేదో అయిందని ఆమె హడలిపోయింది.

అత్తగారిది ఇంకో కథ. "మొదటిసారి నన్ను చూడ్డానికొచ్చినప్పుడు ఈయన నా మొహం వైపే చూడలేదే. కిందికి, పాదాల వైపే చూస్తూ కూర్చున్నారు. పాపం, ఎంత సిగ్గరో అని మురిసిపోయాను. గాడిదను తెస్తే ముందు గిట్టలు చూడటం ఈయనకు అలవాటని తర్వాత తెలిసింది!"

బడి మైదానంలో బండి కదిలింది. మామగారు పక్కనే నడుస్తున్నారు, చేతులు వెనక్కి కట్టుకుని.

"పట్టుకోండి మామయ్యా!"

"నేను పట్టుకుంటే అది నా మాట వింటుంది. నీ మాట వినాలి కదా."

"పడిపోతే?"

"పడితే లేపుదాం. ముందు చక్రాన్ని చూడకు. నువ్వెక్కడికి పోవాలో అక్కడ చూడు."

గోడ దగ్గరికి వచ్చేసరికి ఆమె భయంతో బండి ఆపేసింది. ఆయన వరండా మెట్టు మీద కూర్చుని, పక్కన చోటు చూపించారు.

"మీకెప్పుడూ భయం వెయ్యలేదా, ఆ కొండల్లో?"

ఆయన మైదానం వైపు చూస్తూ చెప్పారు. "ఒక ఇరుకుదారి ఉండేదమ్మా. ఒకరోజు నా ముందున్నవాడు తొందరపడి తాడు గుంజాడు. గాడిద బెదిరింది. రెండు ప్రాణాలూ లోయలోకి పోయాయి. మంచివాడు. నన్ను తమ్ముడూ అని పిలిచేవాడు. నా గాడిద కదల్లేదు. నాకూ కాళ్ళు ఆడలేదు. దాని మెడ మీద చెయ్యేసి అలాగే నిలబడ్డాను. చాలాసేపటికి అదే ముందు అడుగేసింది. నేను పక్కన నడిచాను."

ఈ మాట ఇంట్లో ఎవరూ విని ఉండరని ఆమెకు తెలుసు.

"బడిలో మొదటిరోజు పిల్లలు గుమ్మం పట్టుకుని ఏడుస్తారు చూడు, వాళ్ళనీ నేను లాగలేదు. పక్కన నిలబడేవాణ్ణి. ఏడుపు తీరాక వాళ్ళే లోపలికి నడిచేవాళ్ళు."

ఆమె లేచి మళ్ళీ బండెక్కింది. ఈసారి మైదానమంతా చుట్టి వచ్చింది. చూస్తే ఆయన పక్కన లేరు. వరండా మెట్టు మీదే కూర్చుని చప్పట్లు కొడుతున్నారు.

"ఇంటికి నువ్వే తీసుకెళ్ళు."

"రోడ్డు మీద నావల్ల కాదు మామయ్యా!"

"సరే. నడిపించుకునే పోదాం."

బండికి చెరోపక్క నడుస్తూ ఇల్లు చేరారు. భోజనం చేసి ఆయన వసారాలో మంచం మీద నడుం వాల్చారు. టీ పెట్టి ఆమె లేపబోతుంటే అత్తగారు ఆపింది. "పొద్దున్నంతా నడిచారు. కాసేపు పడుకోనియ్యవే."

టీ చల్లారింది. మళ్ళీ పెట్టి తెచ్చి ఆమె "మామయ్యా" అంది. ఇంకోసారి, గట్టిగా పిలిచింది. అత్తగారు వచ్చి మంచం అంచున కూర్చుని, ఆయన గుండె మీద చెయ్యేసి, ఆ చెయ్యి తియ్యకుండానే అంది: "డాక్టర్ని పిలువమ్మా."

డాక్టరు ఫోను ఎత్తలేదు. ఆమె తాళాలు తీసుకుంది. బజారు, లారీలు, నాలుగు రోడ్ల కూడలి... ఏదీ ఆమెకు గుర్తులేదు. ముసలి డాక్టరు తలుపు తీసి "ఎలా వచ్చావమ్మా?" అని అడిగినప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంది. గేటు దగ్గర స్కూటరు నిలబడి ఉంది.

"కారు తియ్యడానికి డ్రైవరు లేడే..."

"ఎక్కండి డాక్టరుగారూ."

బ్యాగు ఒళ్ళో పెట్టుకుని డాక్టరు వెనక సీట్లో కూర్చున్నాడు.

"నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా," అన్నాడు డాక్టరు, మంచం దగ్గర నుంచి లేస్తూ.

"ఎవర్నీ కంగారుపెట్టడం ఈయనకు చేతకాదు," అంది అత్తగారు. అప్పుడు ఏడ్చింది.

సాయంత్రానికి వీధి నిండిపోయింది. షిఫ్టు మధ్యలో పరుగెత్తుకొచ్చిన భర్త, తండ్రి పాదాల దగ్గర చాలాసేపు కూర్చున్నాక అడిగాడు: "డాక్టర్ని ఎవరు తెచ్చారు?"

అత్తగారు కోడలి వైపు చూసింది. అతను భార్య భుజం మీద తల ఆనించాడు.

వచ్చేవాళ్ళకు దారి కోసం ఆమె బండిని పక్కకు జరపబోయింది. హ్యాండిలు పట్టుకున్నప్పుడు చేతికి మెత్తగా తగిలింది. పొద్దున తన అరచేతులకు చెమట పట్టి పిడి జారుతోందని ఆమె మామగారికి చెప్పనేలేదు. పడుకోబోయే ముందు ఆయన ఎప్పుడు కూర్చుని చుట్టారో, రెండు పిడులకూ పాత తువ్వాలు పేలికలు, వరస తప్పకుండా, బిగువుగా, కొసలు లోపలికి దోపి, ఆమె చేతుల చెమటతో ఇంకా తడిగా ఉన్నాయి.