ఏడో రోజు టమాటా

ఆ ఆసుపత్రి క్యాంటీన్ వంటింట్లో అతన్ని అందరూ కోతలరాయుడనే పిలిచేవారు. కూరగాయలు కోసే ఉద్యోగం కాబట్టి ఆ పేరొచ్చిందని కొత్తవాళ్ళకి చెప్పుకునేవాడు గానీ, వాళ్ళూ రెండో రోజుకి నమ్మడం మానేసేవారు. ఎవరైనా పొరపాటున కత్తి గురించి ఒక్క మాట అడిగితే చాలు, ఏ ఉక్కు ఎంత గట్టిది, ఏది ఎన్నాళ్ళు పదును నిలుపుకుంటుంది అని చెవులు తూట్లు పడేలా చెప్పేవాడు.

అదే బల్లకి అటువైపు నిలబడి అతని అత్తగారు కోసేది. ఇరవయ్యారేళ్ళుగా అక్కడే పని. ఈ ఉద్యోగం అతనికి ఇప్పించింది కూడా ఆవిడే. ఆవిడ కత్తి పాతది, నల్లగా మచ్చలు పడింది, తడిగా వదిలేస్తే సాయంత్రానికి తుప్పు పట్టే రకం. అందుకే పని అవగానే తుడిచి గుడ్డలో చుట్టిపెట్టేది. ఒకరి కత్తి ఇంకొకరు ముట్టుకోకపోవడం ఆ వంటింట్లో ఎవరూ చెప్పకుండానే అందరూ పాటించే పద్ధతి.

ఒక రోజు అతను మెరిసిపోయే కొత్త కత్తి తెచ్చాడు.

"అత్తయ్యా, మీది మెత్తటి ఉక్కు. రెండ్రోజులకోసారి రాయి మీద రుద్దక తప్పదు. ఇది గట్టి ఉక్కు. వారమైనా రాయి మొహం చూడక్కర్లేదు."

"అలాగా అల్లుడుగారూ. ఏదైనా తెగితే చాలు కదా," అంది ఆవిడ ఉల్లిపాయ మీంచి తల ఎత్తకుండా.

ఆ 'తెగితే చాలు' అతనికి మింగుడుపడలేదు. వెంటనే పందెం అన్నాడు. వారం పాటు ఇద్దరూ సమానంగా కొయ్యాలి, సానరాయి ముట్టుకోకూడదు, ఏడో రోజు అందరి ముందూ పండిన టమాటా మీద కత్తి ఆనించి నొక్కకుండా లాగాలి. ఎవరి కత్తికి తోలు తెగితే వాళ్ళది గెలుపు. గెలిచిన రకం కత్తులే వంటింటికి తెప్పిస్తానని హెడ్ కుక్ కూడా ఎగదోశాడు. ఆవిడ నవ్వి సరేనంది.

ఆరో రోజు మధ్యాహ్నం, ఆవిడ తన వంతు కోత ముగించి మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, అతను గుట్టుగా తన కత్తిని ఒక టమాటా మీద పెట్టి లాగాడు. జారిపోయింది. వెలుతురులోకి పట్టి చూస్తే పదునుండే అంచు, వాదర, అక్కడక్కడా పెచ్చులూడి ఉంది. గుమ్మడికాయలో దించి మెలితిప్పినందుకు వచ్చిన ఫలితం అది. గట్టి ఉక్కు మెలితిప్పితే ఓర్చుకోదని పదిమందికీ చెప్పినవాడే, చేతిలో కత్తి ఉన్నప్పుడు ఆ మాట మరిచిపోయాడు. పైగా కోసిన ముక్కలన్నీ వాదరతోనే కోత పలక మీంచి గీకి తోశాడు. అత్తగారు మాత్రం ముక్కలు తోసేటప్పుడు కత్తిని తిరగేసి వీపుతో తోస్తుంది. ఆరు రోజులుగా ఎదురుగా నిలబడి చూస్తూ కూడా అతనికి అది కనిపించలేదు.

అప్పుడు ఆవిడ కత్తి తీసి చూశాడు. టమాటా మీద ఆనించగానే దిగిపోయింది.

కాస్త బుద్ధి ఉన్నవాడైతే అక్కడితో నవ్వేసి ఓడిపోయానని ఒప్పుకునేవాడు. మనవాడు ఆ పాత కత్తిని సింకు రాతిగట్టు మీద మూడుసార్లు బలంగా గీశాడు. తన కత్తిని రాయి మీద నూరుకున్నాడు. ఆవిడ వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు క్యారెట్లు కోస్తున్నాడు.

మర్నాడు పని మొదలుకాకముందే అందరూ చుట్టూ చేరారు. అతని కత్తికి టమాటా రెండు ముక్కలైంది. ఆవిడ కత్తి తోలు మీద జారింది. మళ్ళీ లాగింది, మళ్ళీ జారింది. మూడోసారి పక్కకి తప్పి ఎడమ బొటనవేలికి గీరుకుంది. చప్పట్లు కొట్టబోయినవాళ్ళు ఆగిపోయారు.

ఆవిడ కత్తి వైపు చూడనైనా లేదు. తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"నిన్నటిదాకా తెగింది. ఒక్క రోజులో కత్తి ఇంతలా పోదు. పోయింది నా చెయ్యే," అంది మెల్లగా. "మా అమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు పట్టు పోయింది, తరవాత చెంచా కూడా పట్టుకోలేకపోయింది."

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాడు కూడా. ఇంతలో హెడ్ కుక్ భుజం తట్టి "భేష్ కోతలరాయుడూ!" అన్నాడు. తెరిచిన నోరు నవ్వుగా మారిపోయింది. ఆ నవ్వు తలుచుకుంటే అతనికి ఇప్పటికీ సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది.

ఆవిడ కత్తిని గుడ్డలో చుట్టేసి కూరగాయలు కడిగే పనికి మారిపోయింది. వాళ్ళంతా కలిసుండే ఇంట్లో అంతకంటే ఘోరం. ఎనిమిది నెలల మనవరాలు చేతులు చాస్తే ఆవిడ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పేది గానీ ఎత్తుకునేది కాదు. "పడేస్తానేమోనమ్మా," అనేది కూతురితో. పాప ఏడ్చేది. అతను పక్కగదిలో కూర్చుని ఆ ఏడుపు వినేవాడు. అన్నం సయించేది కాదు. రేపు చెబుదాం అనుకునేవాడు. అలా మూడు రోజులు గడిచాయి.

నాలుగో రోజు భార్య పట్టుబట్టి నరాల డాక్టరు దగ్గరికి పంపింది. తోడు వెళ్ళింది అతనే. వరండాలో బల్ల మీద ఆవిడ చెయ్యి ముందుకి చాచి, వణుకుతోందా అని చూసుకుంటూ కూర్చుంది. వాళ్ళకంటే ముందు ఇంకొక్కరే ఉన్నారు.

"అత్తయ్యా, లోపలికి వద్దు. మీ చేతికేం కాలేదు," అన్నాడు. "కత్తిని నేనే మొద్దు చేశాను. పందెం కోసం. సింకు గట్టు మీద గీశాను."

తిడుతుందనుకున్నాడు. చెంప పగలగొట్టినా బాగుండుననుకున్నాడు.

"గట్టిగా గీశారా?"

"మూడుసార్లు."

"అయితే ఎవరు కోసినా తెగదా? హెడ్ కుక్ కోసినా?"

"ఎవరికీ తెగదత్తయ్యా."

ఆవిడ పిడికిలి బిగించింది, తెరిచింది, మళ్ళీ బిగించింది. కళ్ళనిండా నీళ్ళతో పకపకా నవ్వి, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుంది. "నాకేం జబ్బు లేదండీ! మా అల్లుడుగారే కత్తి మొద్దు చేశారట!"

ఆ మనిషి అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి రాగానే ఆవిడ చెప్పులైనా సరిగ్గా విడవకుండా పాపని ఎత్తేసుకుంది. కూతురికి శుభవార్త చెప్పినట్టు మొత్తం చెప్పింది. కూతురు తల్లితో పాటు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగి భర్త వైపు తిరిగింది.

"అమ్మ పాపని ముట్టుకోవడానికి భయపడుతుంటే, ఇన్ని రోజులూ మీరు చూస్తూ ఊరుకున్నారా?"

అతను వంగి అత్తగారి చెప్పులు గుమ్మం పక్కన సర్దాడు.

"పోనీలేవే, చెప్పారు కదా," అంది అత్తగారు. వాతావరణం తేలిక చేద్దామని పాపని అతనికి అందించబోయింది. "ఇదిగో, ఎత్తుకోండి అల్లుడుగారూ. చూడండి, మీకోసమే చేతులు చాస్తోంది."

పాప నిజంగానే అతని వైపు వంగి చేతులు చాచింది. అతనికి మాత్రం చేతులు పైకి లేవలేదు.