పెష్కే గారి సాసేజ్

శుక్రవారం నాడు క్యాథలిక్కులు మాంసం ముట్టరు, చేపకు మాత్రం అడ్డులేదు. అందుకే క్రిస్టియన్ డెమోక్రాట్ల పార్టీ ఊరి శాఖ సమావేశానికి హెడ్విగ్ తన హోటల్లో ఉప్పుచేపలు, బంగాళాదుంపలు వండింది. అయితే ఈసారి పద్నాలుగు మంది క్యాథలిక్కుల మధ్య ఆ నియమం లేని ఒక లూథరన్ కూడా చేరాడు. యుద్ధంలో ఇల్లూ ఊరూ పోగొట్టుకుని జర్మనీ తూర్పు కొసనున్న సైలీషియా నుంచి వచ్చిన పెష్కే, గడియారాలు బాగుచేస్తాడు. ఆయన ఒక్కడి కోసం హెడ్విగ్ పనిగట్టుకుని పందిమాంసం సాసేజ్ తెప్పించి, ఎర్రగా వేయించి ముందు పెట్టింది.

"వద్దమ్మా, అందరూ చేప తింటుంటే నేనొక్కణ్ణీ ఇది తింటానా? నాకూ చేపే వెయ్యండి."

"మీకు పట్టింపు లేదుగా! హాయిగా తినండి."

ఆయన ఆ పళ్లెం బల్ల మధ్యకు జరిపి, తనకు తానే చేప వడ్డించుకున్నాడు. ఇంతలో అధ్యక్షుడు ఓవర్‌కాంప్ లేచి, రెండు చర్చిలవాళ్లూ ఒకే పార్టీలో కలవడం ఎంత గొప్పో చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కరూ వినడంలేదు. అందరి కళ్లూ సాసేజ్ మీదే. ఉపన్యసిస్తున్న ఓవర్‌కాంప్ కళ్లు కూడా.

హెడ్విగ్‌కు ఒళ్లు మండింది.

"తినేవాళ్లు తినరు, వినేవాళ్లు వినరు! ఎవరికోసం వండానో ఏమో!"

పళ్లెం విసురుగా తీసుకెళ్లి పొయ్యి పక్కనున్న పిల్లి ముందు పెట్టింది. పిల్లి శుక్రవారమని కూడా చూడకుండా లాగించేసింది.

పెష్కే చేపముల్లు తీసుకుంటూ తృప్తిగా తలూపాడు.

"రాసుకోండి అధ్యక్షా, శాఖలో లూథరన్లం ఇప్పుడు ఇద్దరం."