మదారప్ప హజ్ పట్టీ

నేను ఒక తోలు నడుంపట్టీని. ఆదోనిలో చెప్పులు కుట్టే ముసలాయన మేకతోలుతో నన్ను చేసి, లోపల మూడు అరలు పెట్టి, "హజ్‌కు పోయే సాయిబులు కొంటారు" అని కొట్టు ముందు వేలాడదీశాడు. పత్తికొండలో పరుపులు కుట్టే మదారప్ప నన్ను కొన్నాడు. కొన్నాక పద్దెనిమిదేళ్లు గడిచినా ఆయన మక్కాకు పోనేలేదు. మనుషులు ఇంతే, ప్రయాణానికి ముందు సంచీ కొంటారు.

పరుపు కుట్టినప్పుడల్లా ఒకటో రెండో నోట్లు నాలో చేరేవి. చివరికి సరిపడా డబ్బు కూడింది. సెలవు తీసుకోవడానికి పోతే మసీదు హజరత్ అన్నాడు: "అందరి బాకీలూ తీర్చు, మదారప్పా. తీర్చినాక మిగిలితేనే నీకు హజ్ ఫర్జు, తప్పనిసరి విధి."

ఆ వారమే అది మొదలైంది. మధ్యాహ్నం నమాజుకు పోయేటప్పుడు మదారప్ప నన్ను విప్పి మేకుకు తగిలిస్తాడు. ఆయన భార్య పీరాంబీ పెరట్లో పనిలో ఉంటుంది. ఇంట్లో ఎవరూ ఉండరు. అప్పుడు ఒక చెయ్యి నా అరలోకి వచ్చేది. చల్లగా ఉండేది, పత్తిగింజల వాసన వేసేది. దానికి ఉంగరపు వేలు లేదు. నోట్లు ముట్టుకునేది కాదు. కాసేపు లోపల వణికి వెళ్లిపోయేది. తలుపుకు వేసిన గడియ వేసినట్టే ఉండేది.

మదారప్పకు ఇదేమీ తెలియదు. హజరత్ మాట పట్టుకుని ఊరంతా తిరిగి బాకీలు తీర్చాడు. ఒక్కటి మిగిలింది. పదహారేళ్ల కిందట ఆదోని పత్తి వ్యాపారి తిప్పన్న దగ్గర నాలుగు వేల రూపాయల దూది అరువు తెచ్చాడు. ఇచ్చేలోపలే తిప్పన్న చచ్చిపోయాడు. వెతగ్గా వెతగ్గా ఆయన కూతురు సుంకులమ్మ ఎమ్మిగనూరులో ఉందని తెలిసింది.

ఆమె ఇంట్లో గోడ మీద తిప్పన్న ఫొటో ఉంది. చేతికర్ర మీద ఆన్చిన చేతికి ఉంగరపు వేలు లేదు. నేను మదారప్ప నడుముకు బిగుసుకుపోయాను.

మదారప్ప తన పేరు చెప్పి డబ్బు తియ్యగానే సుంకులమ్మ వెనక్కి జరిగింది. "వద్దు మామా. నీకు తూకంలో మోసం చేసినానని మా నాయన ఏడ్చి ఏడ్చి పోయినాడు. ఎంత పోయిందో లెక్క తెలీదంట. నువ్వు కనబడితే మాఫీ అడగమన్నాడు."

అప్పుడు తెలిసింది నాకు. ఆ చెయ్యి తీసుకోవడానికి రాలేదు. పెట్టడానికి ఏమీ లేక వణికింది.

"మాఫ్ చేసినానమ్మా, అల్లా సాక్షి. ఇది మాత్రం నా బాకీ, తీసుకో" అని మదారప్ప నోట్లు గూట్లో పెట్టి బయటికొచ్చాడు. బస్సెక్కి పత్తికొండ చేరాడు. ఇంటికొచ్చి పీరాంబీతో అన్నాడు: "నేనూ పదకొండు ఇళ్లలో కొత్త దూదికి డబ్బు తీసుకుని పాత దూది కుక్కినాను."

"మరి హజ్?"

"ఈ చేతులతో ఎట్ల పోతాను?"

హజ్ డబ్బుతో దూది కొన్నాడు. ఇంటింటికీ పోయి తప్పు ఒప్పుకుని, పరుపు విప్పి, కొత్త దూది పోసి కుట్టాడు. కొందరు తిట్టారు, కొందరు టీ ఇచ్చారు. తొమ్మిదిళ్లు పూర్తయ్యాయి, రెండు మిగిలాయి. ఒక శుక్రవారం పొద్దున, సూది చేతిలో ఉండగానే ప్రాణం పోయింది.

నలభై రోజుల తర్వాత దేవనకొండ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. మొహంలో నెత్తురు లేదు.

"పీరాంబీ అక్కా, రోజూ మధ్యాహ్నం మా పరుపు కుట్లు విప్పి ఉంటున్నాయి. దారం చుట్ట చుట్టి పక్కన పెట్టి ఉంటోంది. ఇంట్లో ఎవరూ విప్పలేదు."

పీరాంబీ భయపడలేదు. "చుట్ట మధ్యలో ముడి ఉందా?"

"ఉంది."

"ఆయన అట్లనే చుడతాడు."

నాలో మిగిలిన నోట్లు చూసుకుని, నన్ను తన నడుముకు కట్టుకుని, సూది తీసుకుని ఆమె వెంట బయల్దేరింది. దారిలో దూది కొంది. టీచరమ్మ వాకిట్లోనే నిలబడిపోయింది. ఎండ నడినెత్తిన ఉంది. పీరాంబీ ఒక్కతే లోపల కూర్చుని దూది పోసి, ఒక అంచు నుంచి కుట్టడం మొదలుపెట్టింది. గుడ్డ అవతలి అంచు, ఎవరో రెండు చేతులా పట్టి లాగినట్టు, బిగుతుగా పైకి లేచింది.

పీరాంబీ తల ఎత్తలేదు.

"వదులయ్యా. ఇదీ, ఆ మిగిలిన ఇల్లూ నేను చూసుకుంటాలే."

అంచు మెల్లగా వదులైంది.