దానం చేసినవారు

నేను బోర్డులు రాసి బతుకుతాను. షాపుల పేర్లు, డాక్టర్ల డిగ్రీలు, ఇచ్చట బండ్లు నిలుపరాదు లాంటివి. మా పిల్ల చదివే సర్కారు బడిలో ఏ వస్తువు మీద ఎవరి పేరున్నా అది నా చేతిరాతే. బెంచీల వీపుల మీద రాశాను. మంచినీళ్ల డ్రమ్ము మీద రాశాను. గోడ గడియారంలో పన్నెండుకీ ఆరుకీ మధ్య ఇరికించి ఒక రిటైరైన ఇంజనీరుగారి పేరు రాశాను. టైము చూద్దామని తలెత్తినవాళ్లకి ముందు ఆయనే కనిపిస్తాడు.

బడికి సర్కారు ఇచ్చేది ఇస్తుంది, మిగతాదంతా చందాలే. దానికోసం తల్లిదండ్రుల కమిటీ ఒకటుంది. అందులో నేనూ సభ్యుణ్ణే. అంటే ఉచితంగా రాసిపెట్టేవాణ్ణి. ఏటా డబ్బాలు పట్టుకుని వీధివీధీ తిరుగుతాం. మా చుట్టుపక్కల వాళ్లు చెడ్డవాళ్లని అనను. అడిగితే ఇస్తారు. కాకపోతే ఇచ్చింది కంటికి కనపడాలి. పైకప్పు కారుతోందంటే ఒక్కడూ పలకడు, కొత్త గేటంటే నలుగురు పోటీపడతారు. ఒకసారి ముగ్గురు అన్నదమ్ములు కలిసి ఒక సీలింగు ఫ్యాను ఇచ్చి రెక్కకో పేరు రాయించుకున్నారు. పెద్దాయన చుట్టాల్ని వెంటబెట్టుకుని చూపించడానికి వచ్చాడు. తిరిగే ఫ్యాను మీద పేరెలా కనపడుతుంది? ఆపించాడు. నడి ఎండల్లో నలభైమంది పిల్లలు చెమటలు కక్కుతూ కూర్చుంటే, వాళ్లు తలలెత్తి తీరిగ్గా చదువుకుని వెళ్లారు.

రాసీ రాసీ విసుగెత్తి నేనొక రేకు అచ్చు కోసిపెట్టుకున్నాను. మొదట 'ఈ' అని ఉంటుంది, తర్వాత ఖాళీ, ఆ తర్వాత 'దానం చేసినవారు', దాని కింద మళ్లీ ఖాళీ. రేకు ఆనించి రంగు అద్దితే సగం పని అయిపోయినట్టే. పై ఖాళీలో వస్తువు పేరు, కింది ఖాళీలో మనిషి పేరు నింపుకోవడమే. ఈ బెంచీ దానం చేసినవారు. ఈ డ్రమ్ము దానం చేసినవారు. పదేళ్లలో ఆ రేకు అంచులు అరిగాయి గాని అచ్చు చెక్కుచెదరలేదు.

ఇక అసలు సంగతి. బడిలో లెక్కల మాస్టారు రిటైరై రెండేళ్లయింది. ఆ ఖాళీ నింపమని రాసిన ప్రతి ఉత్తరానికీ 'పరిశీలనలో ఉంది' అని జవాబు వచ్చేది. ఈ రెండేళ్లూ డ్రాయింగు మాస్టారే లెక్కలు చెప్పాడు. పాపం, ఆయన గీసిన వృత్తాలు మాత్రం చాలా బాగుండేవి. మా పిల్లకి సర్వే కోర్సులో చేరాలని ఆశ. గొలుసు పట్టుకుని భూములు కొలవాలట. అందులో సీటు ఇచ్చేది లెక్కల మార్కులు చూసి. పిల్ల ఆఖరి తరగతిలోకి వచ్చేసరికి దానికి భిన్నాలు కూడా సరిగ్గా రావు. నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ ఏడు కమిటీలో మొదటిసారి గట్టిగా అరిచాను. గేట్లూ గడియారాలూ చాలు, చందా డబ్బుతో ఒక లెక్కల టీచరుని పెట్టుకుందాం అన్నాను. ఎలాగో ఒప్పుకున్నారు. డబ్బాల్లో పోగైన సొమ్ము నాలుగు నెలల జీతానికి సరిపోయింది.

వచ్చినావిడ రెండు బస్సులు మారి వచ్చేది. మనిషి పీలగా ఉండేది గాని గొంతు ఆఖరి బెంచీ దాకా వినపడేది. ఆవిడ పద్ధతి ఒకటుండేది. పిల్లలెవరైనా బోర్డు మీద లెక్క తప్పు చేస్తే డస్టరు ముట్టుకోనిచ్చేది కాదు. ఎక్కడ తప్పారో వాళ్లచేతనే సున్నా చుట్టించి, పక్కన ఒప్పు రాయించేది. చెరిపేస్తే రేపు ఎక్కడ తప్పావో నీకే తెలీదు అనేదట. అంతకుముందు మా పిల్ల నోటుబుక్కు రబ్బరుతో రుద్దీ రుద్దీ చిల్లులు పడి ఉండేది. రెండు నెలల్లో చిల్లులు పోయి సున్నాలు వచ్చాయి. మూడో నెలలో ఒకరోజు పిల్ల నా బిల్లుల పుస్తకం తిరగేసి, గుండ్రటి బోర్డుకి అంతే వెడల్పున్న చదరం బోర్డులో సగం రేటు ఎందుకు తీసుకుంటున్నావు, అది నాలుగింట మూడు వంతులకి పైనే ఉంటుంది కదా అని అడిగింది. ఇరవై ఏళ్లుగా మోసపోయానన్న బాధ కన్నా, ఆ మాట నా కూతురు చెప్పిందన్న సంతోషమే ఎక్కువైంది. ఆ రోజు కనపడిన ప్రతివాడికీ చెప్పుకున్నాను.

నాలుగు నెలలూ గడిచిపోయాయి. డబ్బాల్లో డబ్బు అయిపోయింది, పరీక్షలు ఇంకా ఐదు నెలలున్నాయి. కమిటీ మళ్లీ కూర్చుంది. ఇవ్వగలిగినవాడు ఒక్కడే కనిపించాడు, టైల్స్ షాపు యజమాని. ఎంగిలిచేత్తో కాకిని తోలడని పేరు గాని, పేరు కోసమైతే చెయ్యి బాగానే విదిలిస్తాడు. గేటు మీద ఆర్చీ కట్టించమంటే రేపే మొదలుపెడతానన్నాడు. జీతమనేసరికి నుదురు ముడివేసి, నిజంగానే అర్థంకానివాడిలా అడిగాడు.

"జీతం మీద పేరెక్కడ రాస్తారండీ?"

టీచరు పోతే నా కూతురి ఆశ కూడా పోతుంది. నాకు ఇంకేం తోచలేదు. గదిలో, బ్లాక్‌బోర్డు పైన, మీ పేరుతో పెద్ద బోర్డు పెడదాం, నేనే రాస్తాను అనేశాను. ఆయన మొహం విప్పారింది. మర్నాటికల్లా ఐదు నెలల సొమ్మూ కట్టేశాడు.

బోర్డు మీద ఏం రాయాలో హెడ్మాస్టరు కాగితం మీద రాసిచ్చాడు. 'గణిత బోధన నిరాటంకంగా సాగుటకు ఆర్థిక సహకారం అందించిన ఉదార హృదయులు' అని. దానికింద టైల్స్ ఆయన పేరు, షాపు పేరు, ఫోను నంబరు పెద్ద అక్షరాలతో ఉండాలి. ఎంత కొలిచినా పలక మీద ఇదంతా పట్టడం లేదు. తెల్లారితే ఆవిష్కరణ. గోడకి రేకు వేలాడుతోంది. తీసి ఆనించాను. పై ఖాళీలో 'లెక్కల టీచరు' అని రాశాను. చక్కగా సరిపోయింది.

*ఈ లెక్కల టీచరు దానం చేసినవారు.*

బోర్డు ఆరబెట్టి ఉంటే మా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చి చదివి ఆగిపోయింది.

"టీచరేమన్నా బెంచీనా? కనీసం 'టీచరును' అనైనా రాయలేకపోయావా. ప్రాణమున్న మనిషికి 'ను' పెడతారు."

అచ్చులో చోటు లేదన్నాను. అయినా పేరు చూస్తారు గాని పైదంతా ఎవరు చదువుతారులే అన్నాను. బతుకంతా రాతల మీద బతికినవాణ్ణి, నా నోటితోనే ఆ మాట అన్నాను.

మర్నాడు తెర లాగారు. టైల్స్ ఆయన కింది వరస రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు. హెడ్మాస్టరు పై వరస చదివి, నా వంక చూసి, దగ్గాడు. తర్వాత పక్కకి పిలిచి, ఇంకోలా చదివితే టీచరే దానం చేసినట్టు కూడా వస్తుందిలే, పోనీ అన్నాడు. చప్పట్లయ్యాక టీచరు లోపలికి వచ్చింది. లెక్కను చదివినట్టు బోర్డుని పైనుంచి కిందిదాకా చదివింది. సుద్దముక్క తీసుకుని, నిన్న ఆపిన చోటునుంచి పాఠం మొదలుపెట్టింది.

అక్కడితో ఆగినా బాగుండేది. రాసినదాన్ని మనుషులు ఎంత తొందరగా నమ్ముతారో నాకు అప్పుడు తెలిసింది. టైల్స్ ఆయన వారానికోసారి ఎవరినో ఒకర్ని వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టాడు. తలుపు కొట్టేవాడు కాదు. పాఠం ఆగేది. వీరే మా టీచరు అని చూపించి, ఆవిణ్ణి బోర్డు కింద నిలబెట్టి ఫొటో తీయించేవాడు. ఒకసారి వచ్చినవాళ్లలో ఒకామె, బాగా చెబుతుందా అని ఆయన్ని అడిగిందట, టీచరు అక్కడే ఉండగా. మా పిల్ల ఇంటికి వచ్చి చెప్పి, అన్నం సగంలో వదిలేసి లేచింది.

తర్వాత ఆయన కొత్త షోరూము ప్రారంభం వచ్చింది. టీచరు పిల్లల్ని యూనిఫారాల్లో తీసుకొచ్చి, పూలగుత్తులు ఇప్పించి గుమ్మం దగ్గర వరసగా నిలబెట్టాలన్నాడు. ఆ రోజు పిల్లలకి నెలవారీ పరీక్ష ఉంది, కుదరదంది ఆవిడ. ఆయన నేరుగా కమిటీకి వచ్చాడు.

"దానం చేసినవాణ్ణి నేను. నా మాట అక్కడ ఆమాత్రం చెల్లదా?"

తప్పు అన్నవాడు లేడు. ఒక్కపూటే కదా అన్నారు. ఆయన్ని నొప్పిస్తే వచ్చే ఏడు ఆర్చీ పోతుందన్నారు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ తలూపారు. నేనూ ఊపాను. నా పిడికెడు మాత్రం కాస్త పెద్దది. ఆ షోరూముకి ముప్పై అడుగుల బోర్డు రాసేది నేనే. నా జన్మలో అంత పెద్ద పని దొరకలేదు. అప్పటికి సగం రాసి పెరట్లో ఉంది.

మర్నాడు సాయంత్రం టీచరు మా షెడ్డుకి వచ్చింది. స్టూలు వేశాను, కూర్చోలేదు. పెరట్లో ఉన్న పెద్ద బోర్డుని చూసింది.

"హెడ్మాస్టరుగారు మీకిచ్చిన కాగితం చూశానండి. అందులో ఉన్నది వేరు."

"చోటు చాల్లేదమ్మా. అచ్చు ఉంటే దాంతోనే కానిచ్చేశాను."

"'ను' కూడా లేదు. నేను లెక్కలు చెప్పేదాన్నే గాని, ఆమాత్రం తెలుగు నాకూ వచ్చు."

నేను కుంచె తుడవడం మొదలుపెట్టాను.

"తప్పు రాసినందుకు నాకేం కోపం లేదండి. రోజూ నలభైమంది తప్పులు చూస్తాను. దాన్ని మార్చండి, చాలు. ఆ బోర్డు కింద నిలబడి నేను ఆ పిల్లలకి ఏం చెప్పినా నా మాట నాకే అరువు తెచ్చుకున్నట్టుంటోంది."

అరగంట పని. డబ్బాలో తెల్లరంగు ఉంది, చేతిలో కుంచె ఉంది. ఆయన్ని ఒక్కమాట అడిగి మారుస్తానన్నాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. అడగనని ఆవిడకి తెలిసిపోయింది. నాకూ తెలుసు.

"మీ అమ్మాయి చాలా బాగా చేస్తోందండి," అంది వెళ్లబోతూ. "నేను ఫ్యానుని కాను కదా, బిగించిన చోటే ఉండిపోవడానికి."

వారం తిరక్కుండా రెండు వాక్యాల ఉత్తరం ఇచ్చి వెళ్లిపోయింది. ఎక్కడో గోదాములో లెక్కలు చూసే పని దొరికిందన్నారు. పరీక్షలకి ఇంకా మూడు నెలలున్నాయి. విశ్వాసం లేదని టైల్స్ ఆయన అన్నాడు. ఈ కాలంలో ఎవరికీ ఓపికలు లేవని కమిటీ అంది. మళ్లీ డ్రాయింగు మాస్టారే వచ్చి వృత్తాలు గీయడం మొదలుపెట్టాడు.

మిగిలిన జీతం డబ్బుతో ఆయన తన షాపు టైల్సే ఆ గదికి పరిపించాడు. ఐదురోజులు పిల్లలు వరండాలో కూర్చున్నారు. నేల అద్దంలా తయారయ్యాక నన్ను పిలిపించి, బోర్డులో ఒక్కమాట మార్చమన్నాడు. 'టీచరు' తీసేసి 'గది' అని రాయాలి.

ఆరోజు టీచరు అడిగినప్పుడు కదలని నిచ్చెన ఈసారి వెంటనే కదిలింది. తెల్లరంగు పూశాను, ఆరాక రాశాను. *ఈ లెక్కల గది దానం చేసినవారు.* గదికి ప్రాణం లేదు, 'ను' అక్కర్లేదు. వ్యాకరణం కూడా కుదిరింది. అరగంట కూడా పట్టలేదు.

అది మధ్యాహ్నం విరామం. పిల్లలంతా బయట ఉన్నారు, మా పిల్ల ఒక్కతే మూడో బెంచీలో కూర్చుని ఉంది. నేను నిచ్చెన దిగి పక్కకి తప్పుకున్నాను. అది తలెత్తి బోర్డు చదివింది. ఇంతకాలం ఆ బోర్డు సంగతి నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. నా చేతిరాత దానికి పలక పట్టిన నాటినుంచీ తెలుసు.

"చెరిపేశావా నాన్నా," అంది.

అవునన్నాను. ఇంకేమైనా అంటుందని నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. అది మళ్లీ పుస్తకంలోకి తలవంచింది. బడి పుస్తకం కాదు, బజారులో అమ్మే గైడు. వెనక పేజీల్లో జవాబులు వరసగా అచ్చువేసి ఉంటాయి. వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, వాటిని ఒక్కొక్కటీ బట్టీ పడుతోంది.