బకెట్లో నీలి చేప

అక్వేరియం నీళ్లు మార్చడం నా పని. చేపలు మాత్రం మా ఆయన కరుణాకర్‌వి. చర్చి అయ్యాక ఇంటికొచ్చినవాళ్లు "ఎంత శుభ్రంగా పెట్టుకున్నారు సార్!" అంటే, "ఓపికుండాలండి" అని నవ్వుతారు ఆయన. అప్పటికి నా చేతుల నాచు వాసన ఇంకా పోయుండదు.

ఈ సిచ్లిడ్ చేపల్ని తెనాలి షాపులో కొనుక్కొచ్చారు. పసుపు రంగుది పెద్దది, నీలిది చిన్నది. వచ్చిన రోజే కుండపెంకు ఉన్న మూల తనదనుకుంది. తర్వాత పక్క రాయి కూడా తనదే. చూస్తుండగానే తొట్టంతా దానిదైపోయింది. నీలిది ఎటు కదిలినా తరిమి తోక కొరికేది. మేత వేసినా పైకి రాకుండా, ఫిల్టర్ గొట్టం వెనక సందులో ఒదిగి ఉండేది నీలిది.

"నీలిదాన్ని తీసి బకెట్లో వెయ్యి సలోమీ. నాలుగు రోజులాగితే అవే సర్దుకుంటాయి" అన్నారు. వేశాను. బకెట్లో అది తేరుకుంది, చిరిగిన తోకకి పల్చటి పొర కూడా వచ్చింది. తిరిగి తొట్టిలో వదిలితే పసుపుది మునుపటికంటే ఘోరంగా మీద పడింది. నీలిది బకెట్లో ఉన్నన్నాళ్లలో ఆ ఫిల్టర్ వెనక సందు కూడా దానిదైపోయింది. నీలిదాన్ని ఎన్నిసార్లు తీసి వేశానో. వేసిన ప్రతిసారీ అది కొత్తగా వచ్చిన పరాయి చేపే. బీఎస్సీలో జువాలజీ చదివాను గానీ, ఈ సంగతి తెలియడానికి నాకు ఆ చదువు అక్కర్లేకపోయింది.

పెళ్లయిన కొత్తలో ఆయన మొదటిసారి చెయ్యి చేసుకున్నప్పుడు అత్తయ్య కాంతమ్మగారే నా చీరలు మడతపెట్టి సంచిలో సర్దారు. "నాలుగు రోజులు రేపల్లెలో మీవాళ్ల దగ్గర ఉండిరా అమ్మా, వాడి కోపం చల్లారుతుంది" అన్నారు. ఆ తర్వాత అదే అలవాటైంది. ప్రతిసారీ మా నాన్న బర్నబాస్ మాస్టారు నన్ను బస్సులో తీసుకొచ్చి బాపట్లలో దింపేవారు. చెరుకుపల్లిలో బస్సాగితే దిగి, నాకిష్టమని జామకాయలు కోయించి ఉప్పుకారం చల్లించి తెచ్చేవారు. "అబ్బాయి మంచివాడేనమ్మా, కోపమొక్కటే" అనేవారు కిటికీలోంచి బయటికి చూస్తూ. నా ముఖంలోకి చూసేవారు కాదు. నేను తిరిగొచ్చేసరికి ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఇంకొకటి తగ్గేది. ఒకసారి బీరువా తాళంచెవి అత్తయ్య కొంగుకి మారింది. ఒకసారి నా పుస్తకాల అరలో ఆయన ఫైళ్లు కూర్చున్నాయి. ఇంకోసారి బీఈడీ కౌన్సెలింగ్ అయిపోయింది. పిలిచారని నాకెవరూ చెప్పలేదు. మా నాన్నకి నేనంటే ప్రాణం. ఇవాళ్టికీ తెగని బాధ అదే.

ఈ పొద్దున నీలిది నీళ్ల మీద వెల్లకిలా తేలింది. దాన్ని తీస్తుంటే ఫోన్ మోగింది. మా అమ్మాయి సుజన. తెనాలిలో టీచరు. గొంతు బొంగురుపోయి ఉంది.

"మమ్మీ, నాలుగు రోజులు అక్కడికొస్తాను."

"డేనియల్ కొట్టాడా?"

"అత్తయ్యగారే బట్టలు సర్దారు" అంది.

కాఫీ తాగుతూ ఆయన విన్నారు. "రమ్మను. ఆదివారం నేనే తీసుకెళ్లి దింపుతా. అల్లుడు మంచోడేనే, కోపమొక్కటే."

చచ్చిన చేప నా అరచేతిలో ఉంది. చల్లగా, ఏ బరువూ లేకుండా.

"సుజనా, పక్కింటి ఆంటీ దగ్గరికెళ్లి కూర్చో. నేనే వస్తున్నా. ఆ ఇల్లు వదిలి వెళ్లాల్సింది నువ్వు కాదు" అన్నాను.

ఫోన్ పెట్టేసి, వలతో పసుపుదాన్ని పట్టి బకెట్లో వేశాను. నీళ్లలో చెయ్యి పెట్టి, రాళ్లు, పెంకు, అన్నీ ఉన్నచోటు నుంచి కదిపాను, ఏ మూలా దానిదిగా మిగలకుండా.

"పిచ్చా నీకు? దాన్నెందుకు తీశావ్? దానికేమైందని?"

"కొరికింది అదే కదండి."

నేను చేతులు తుడుచుకుని బ్యాగు తీసుకున్నాను.

స్టేషన్లో ఒకామె నా ముందు జామకాయల బుట్ట దింపింది. "పిల్లలకి తీసుకెళ్లమ్మా, తియ్యగుంటాయి."

"వద్దమ్మా" అన్నాను. నా కూతురి ముఖంలోకి చూడాలి నేను.