దొంగనొప్పులు

కాలరు మొన సూటిగా రావాలంటే కుట్టిన ముక్కని తిరగేసి లోపలినుంచి వెదురుపుల్లతో పొడవాలి. గట్టిగా పొడిస్తే గుడ్డ చిరుగుతుంది. భయపడుతూ పొడిస్తే మొన బొటనవేలిలా మొద్దుగా మిగిలిపోతుంది. ఆమె ఎడమ మొన తీసింది. కుడి మొనలోకి పుల్ల దూర్చి ఆగిపోయింది. పొట్ట బిగుసుకుంటోంది. ఎవరో లోపల కూర్చుని తాడు లాగి ముడి వేస్తున్నట్టు, ముందువైపునే, బొడ్డు చుట్టూ. ఊపిరి బిగబట్టింది. ముడి జారింది. పుల్ల పొడిచి మొన తీసి, కాలరుని కుడిపక్క కుప్పలో పడేసింది.

"మళ్ళీనా?" పక్క మిషను మీద జేబులు కుట్టే పిన్ని తల ఎత్తకుండానే అడిగింది.

"అబ్బే, ఉత్తదే పిన్నీ."

"నీ కడుపులో ఉన్నది పిల్లా కాదు, పిల్లాడూ కాదే అమ్మాయ్. పెద్ద హీరో. ఇదిగో వస్తున్నా, అదిగో వస్తున్నా అని ఊరంతా పోస్టర్లేయించి, తీరా హాలు నిండాక ఆట వాయిదా అంటాడు."

ముందు వరసలో గుండీలు కుట్టేవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. మొదటి కాన్పప్పుడు కింది వరసలో నడిమి పన్ను ఒకటి కదిలి ఊడిపోయింది. అప్పటినుంచి ఆమె నవ్వు పూర్తిగా చూసినవాళ్ళు లేరు.

ఆ చొక్కాల ఫ్యాక్టరీ లైన్లో మనిషిని చేసే పనితోనే పిలుస్తారు. ఈమె కాలరు. పదిహేనో ఏట దారాలు కత్తిరించే పిల్లగా చేరి, చొక్కా చేతులు దాటి, భుజాలు దాటి, కాలరు మిషను దాకా రావడానికి సగం వయసు పట్టింది. లైన్లో కాలరంటే హోదానే. చొక్కాకి మొహం అదే కదా. ఆమె కుట్టినవి ఎన్ని లక్షల మెడలకి చుట్టుకున్నాయో గానీ ఆ మెడల్లో ఒక్కదాన్నీ ఆమె చూసి ఎరగదు. సరుకుల వ్యాను తోలే మొగుడు ఎండాకాలమంతా బనీనుతోనే తిరుగుతాడు.

నెలలు నిండాయి. పొట్ట బల్ల అంచుకి తగలకుండా కుర్చీ వెనక్కి జరుపుకుంటే కాలు పెడల్‌కి అందదు. కాలు అందేలా జరుపుకుంటే పొట్ట ఒరుసుకుపోతుంది. అందుకని పక్కకి తిరిగి, ఒక తొడ కుర్చీ మీదా ఒక తొడ గాలిలోనూ పెట్టి కుడుతోంది. సెలవు ముందే వాడేసుకుంటే పురిటి తర్వాత బిడ్డ దగ్గర కూర్చోవడానికి మిగలదు. ఇంటి దగ్గర అత్త ఇప్పటికే పెద్దపిల్లని చూసుకుంటోంది, మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ. చంటిదాన్ని కూడా ఎత్తుకోమంటే ఎత్తుకోలేదు. కాబట్టి నొప్పులొచ్చే రోజుదాకా కుట్టాలి. అదీ ఆమె పథకం. పేదవాళ్ళ పథకాలన్నీ ఇలాగే ఉంటాయి, ఒంట్లో ఏదీ తేడా రాకూడదన్న షరతు మీద.

ఆ వారంలోనే రెండుసార్లు ఆసుపత్రికి పరిగెత్తారు. రెండుసార్లూ మొగుడు సరుకు మధ్యలో దించేసి వ్యానులో తీసుకెళ్ళాడు. రెండుసార్లూ నర్సు పొట్ట తడిమి, లోపల చూసి, చేతి తొడుగు లాగేస్తూ ఒకే మాట అంది.

"దొంగనొప్పులమ్మా. ఇంటికెళ్ళు."

నర్సు మంచిదే. రెండోసారి విసుక్కోకుండా విడమరిచి చెప్పింది. "నొప్పి రాగానే నీళ్ళు తాగు. ఎడమపక్కకి తిరిగి పడుకో. లేచి కాసేపు నడువు. తగ్గిపోయిందా, దొంగవి. నడిచినా తగ్గకుండా, నడుములో మొదలై ముందుకొచ్చి, వచ్చి పోతూ వచ్చి పోతూ, దగ్గర దగ్గరగా వస్తుంటే అసలువి. మధ్యలో పొట్ట వదులవుతుంది, మళ్ళీ బిగుస్తుంది. అప్పుడు రా. ఇంకోటేంటంటే..." పక్కగదిలో ఎవరో కేక పెట్టారు. నర్సు పరిగెత్తింది. ఆ ఇంకోటేంటో ఆగి అడగడానికి ఈమెకి మొహమాటమేసింది.

విన్నంతవరకూ మాత్రం తిరుగు బస్సులో పెదాలు కదుపుతూ వల్లించుకుంది. ఆరో తరగతితో బడి మానేసింది గానీ, చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకోవడంలో ఆమెని మించినవాళ్ళు లేరు.

దొంగనొప్పులన్న మాట ఆమెకన్నా ముందే ఫ్యాక్టరీకి చేరింది. సూపర్‌వైజరు ఆమెకంటే చిన్నవాడు, గోళ్ళు కొరుక్కుంటూ తిరుగుతాడు. పైనుంచి పడ్డ తిట్లు చల్లారకముందే కింద పంచిపెట్టడం వాడి ఉద్యోగం.

"దొంగనొప్పులంట కదా కాలరమ్మా! మన లైన్లో దొంగలకి చోటు లేదు. అసలువో నకిలీవో తేల్చుకుని చెప్పు. మూడోసారి కూడా ఇలాగే లేచిపోయావంటే ఆ మిషను మీద ఇంకో అమ్మాయి కూర్చుంటుంది. తర్వాత నన్నని లాభం లేదు."

అందరితోపాటు ఆమె కూడా నవ్వేసింది. కానీ ఆ మాట దిగబడింది. ఇన్నేళ్ళుగా సాయంత్రమైతే గేటు దగ్గర చేతులు పైకెత్తి నిలబడి ఒళ్ళంతా తడిమించుకుంటోంది. సంచిలో ఒక్క దారప్పోగు దొరికింది లేదు. ఇప్పుడు దొంగతనం ఒంట్లోనే బయటపడింది.

తేల్చుకోవాలంటే నీళ్ళు తాగాలి, పడుకోవాలి, నడవాలి. నీళ్ళు తాగితే బాత్రూముకి వెళ్ళాలి. వెళ్ళాలంటే టోకెను కావాలి. టోకెను లైనంతటికీ ఒక్కటే. అరచేతిలో పట్టే చెక్కముక్క, దానికో నూలుతాడు, సూపర్‌వైజరు బల్లపక్కన మేకుకి వేలాడుతుంటుంది. అది మేకుకి లేకపోతే ఇంకెవరూ కుర్చీ దిగకూడదు. తీసుకెళ్ళినవాళ్ళు ఆలస్యం చేస్తే వెనక ఆగినవాళ్ళు ఏడుతరాల్నీ తిడతారు. ఇక పడుకోవడమంటారా, ఆ భవనంలో పడుకునే హక్కు గుడ్డల తానులకే ఉంది.

గడియారం ఆమె వీపు వైపు గోడకి ఉంది. అందుకని కట్టలతో చూసుకుంది. పొద్దుట ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య కట్టన్నర కాలర్లయ్యాయి. ఆ తర్వాత అరకట్టకే వచ్చింది. ఆ తర్వాత మూడు కట్టలు దాటినా రాలేదు. వేళాపాళా లేని రాకడ. దొంగవే.

మధ్యాహ్నం డబ్బాలోది తిన్నాక రకం మారింది. నొప్పి నడుములో పుట్టి, రెండుపక్కలా పాకి, ముందుకొచ్చి కలుసుకుంది. కట్ట పూర్తయ్యేసరికి ఇంకోటి. ఇంకో కట్ట, ఇంకోటి.

"పిన్నీ, కట్టకోసారి వస్తోంది."

"నిన్న కూడా ఇదే అన్నావు." జేబు కుట్టు ఆపకుండా పిన్ని ఆమె మొహంలోకి చూసింది. "పో, నడిచి చూడు. తగ్గకపోతే చెప్పు, వాడితో నేను మాట్లాడతా. ముగ్గుర్ని కన్నదాన్ని, నాకే పాఠాలు చెబుతాడా!"

టోకెను తీసుకుని వెళ్ళింది. బాత్రూముల ముందు సన్నటి వసారా, చివర ఊచల కిటికీ, ఒకపక్క ఖాళీ అట్టపెట్టెలు. కిటికీదాకా నడిచింది, వెనక్కొచ్చింది. మళ్ళీ నడిచింది. నొప్పి వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. తగ్గలేదు. కానీ తగ్గేంత నడిచిందా? నర్సు కాసేపు అంది. కాసేపంటే ఎంత? తలుపు దగ్గరనుంచి ఎవరో కేకేశారు. "ఏమ్మోయ్, లోపల కాపురం పెట్టావా? టోకెను పారెయ్యి ఇటు!"

తిరిగొచ్చి కూర్చుంది. పిన్ని కనుబొమలెగరేసింది. ఈమె తల అడ్డంగా ఊపింది, తగ్గలేదనో, ఇంకా తేలలేదనో తెలియకుండా. మూడోసారి కూడా నర్సు ఆ తొడుగు లాగేస్తూ అదే మాటంటే? చిన్నప్పుడు జ్వరమొస్తే ఎవరినీ లేపకుండా గోడవైపు తిరిగి పడుకునేది. పెళ్ళయ్యాక మొగుడు "నీకసలు ఒంట్లో ఏదీ రాదేమే, అదృష్టవంతుణ్ణి" అని మురిసిపోయాడు. ఆ ఒక్క మెప్పు కోసం వేడినీళ్ళు చేతిమీద పడ్డా పళ్ళు బిగబట్టింది. ఆమె జీవితం మొత్తానికి దక్కిన బహుమతి అదే, ఎవరినీ ఇబ్బంది పెట్టని మనిషి అని.

ఎడమ మొన తీసింది. కుడి మొన తీయబోతుంటే నొప్పి వచ్చింది. వచ్చి, ఉండిపోయింది.

పొట్ట వదులైతే మళ్ళీ కట్టలు చూసుకుందామని ఆగింది. వదులవలేదు. చేత్తో నొక్కి చూసుకుంది. బల్లచెక్కలా ఉంది, వేలు దిగలేదు. నర్సు చెప్పింది జ్ఞాపకం చేసుకుంది. అసలు నొప్పి వస్తుంది, పోతుంది. దొంగనొప్పీ వస్తుంది, పోతుంది. ఇది పోవడం లేదు. అంటే రెండూ కాదు. నడుము పట్టేసిందేమో, పక్కకి తిరిగి కూర్చుంటే పట్టెయ్యదా మరి! కాస్త వదిలితే అప్పుడు చెప్పొచ్చు. పొద్దుటినుంచి పక్కటెముకల కింద తన్నుతున్న బిడ్డ తన్నడం మానేసింది. నిద్రపోయినట్టుంది, పోనీలే అనుకుంది.

చేతిలో ఉన్నది అలాగే బల్లమీద పెట్టి లేచింది. బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఇందాకేగా వెళ్ళొచ్చావు?" సూపర్‌వైజరు అన్నాడు.

"ఇంకోసారి సార్. నడిస్తే వదులుతుందేమో చూస్తా."

"చప్పున రా. సాయంత్రానికి లారీ ఎక్కాలి ఇదంతా."

కిటికీదాకా వెళ్ళలేకపోయింది. అట్టపెట్టెల పక్కన గోడకి వీపు ఆనించి మెల్లగా కిందికి జారింది. గొంతులోకి కేక వచ్చింది. అరిస్తే అందరూ పరిగెత్తుకొస్తారు, మోసుకెళ్తారు, అక్కడ నర్సు తొడుగు లాగేస్తుంది. టోకెను నోట్లో అడ్డంగా పెట్టుకుని కొరికింది.

లైన్లో గుండీలవాళ్ళు సణగడం మొదలెట్టారు. "కాలరెక్కడ చచ్చింది? నాకు అర్జెంటు ఇక్కడ." పిన్ని ఈమె మిషను వైపు చూసింది. ఒక మొన బయటికి, ఒక మొన లోపలికి ఉన్న కాలరు. సగంలో వదిలి లేచే మనిషి కాదు. పిన్ని టోకెను లేకుండానే లేచింది. సూపర్‌వైజరు "ఏయ్, ఏయ్" అంటున్నా ఆగలేదు.

అట్టపెట్టెల పక్కన కూలబడ్డ ఆమె మొహం కాలరు లోపల పెట్టే గట్టిగుడ్డలా తెల్లగా ఉంది. కింద కొంచెమే తడి, నల్లగా. పిన్ని పొట్టమీద చెయ్యేసి, కాలినట్టు వెనక్కి తీసుకుంది.

"ఒసేయ్ అమ్మాయ్! నొప్పి వచ్చిపోతోందా?"

ఆమె నోట్లోంచి చెక్క తీసింది. "పోవట్లేదు పిన్నీ. అందుకే చెప్పలేదు."

సూపర్‌వైజరే మోశాడు. నిజం చెప్పాలి కాబట్టి చెప్పడం, మెట్లమీద "అక్కా, అక్కా" అన్నాడు. ఫ్యాక్టరీ పెట్టెల వ్యానులో ఒకపక్క సర్ది పడుకోబెట్టారు. పిన్ని ఎక్కబోయింది. "నువ్వెక్కితే జేబులు ఆగిపోతాయి. వాళ్ళాయన నేరుగా ఆసుపత్రికే వస్తున్నాడు" అన్నాడు, అలవాటు మళ్ళీ నోట్లోకొచ్చి. నేల ఊడ్చే ఆవిడని తోడు పంపారు, ఆవిడ పని ఆగినా ఎవరికీ కనిపించదు కాబట్టి.

గేటు దగ్గర కాపలా ఆవిడ వ్యాను ఆపి లోపలికి తొంగిచూసింది. "టోకెను బయటికి పోకూడదమ్మా." మెత్తగానే అంది. పిడికిలి ఒక్కో వేలూ విప్పి, మణికట్టునుంచి తాడు తప్పించింది.

సాయంత్రం వెలుతురు రేకుల సందుల్లోంచి ఏటవాలుగా పడుతున్నప్పుడు సూపర్‌వైజరుకి ఫోనొచ్చింది. మిషన్ల హోరులో ఒక చెవి మూసుకుని విన్నాడు. లైను ఆపలేదు. పిన్ని దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఆవిడ తలెత్తింది.

"ఇద్దరూ" అన్నాడు.

పిన్ని కాలు పెడల్ మీదే ఉంది. కుట్టు జేబు దాటి, గుడ్డ దాటి, ఏమీ లేనిచోట టకటకా పోతూనే ఉంది.

కాలరు మిషను మీద అప్పటికే ఇంకో అమ్మాయి కూర్చుంది. బల్లమీద సగంలో ఉన్న ముక్క తీసి, కుడి మొన పొడిచి, కుప్పలో వేసేసింది. బాగానే వచ్చింది మొన.

"ఇప్పుడైనా దొరికింది టోకెను" అంటూ గుండీలమ్మాయి మేకునుంచి అందుకుంది. రెండడుగులు వేసి ఆగి, వెలుతురులోకి తిప్పి చూసింది.

"ఇదేంటి పిన్నీ, ఎలక కొరికిందా?"

పిన్ని దాన్ని చేతిలోకి తీసుకుంది. చెక్కకి రెండువైపులా గాట్లు పడి ఉన్నాయి, లోతుగా, వరసగా. కింది వరసలో నడిమధ్య మాత్రం ఒక పన్ను వెడల్పున చెక్క నున్నగా ఉంది.